ఓట్స్ కుకీలు చల్లారాక గట్టిపడకుండా, ఉబ్బి మెత్తగా రావాలంటే

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే ఇదీ విషయం. రాజమహేంద్రవరంలో ఉంటున్న మీరు, ఇంట్లో ఉన్న 28 లీటర్ల ఓటీజీలో, అంటే రాడ్లతో వేడెక్కే చిన్న కరెంటు ఓవెన్‌లో, ఒక అమెరికన్ వంటకం కొలతలను యథాతథంగా పాటించి, 180 డిగ్రీల దగ్గర 18 నిమిషాల పాటు ఓట్స్ కుకీలు కాల్చారు. మొదటి వాయి అప్పడాల్లా పరుచుకుపోయి ఒకదానికొకటి అతుక్కుంది. రెండో వాయికి మైదా పెంచితే పరుచుకోవడం ఆగింది గానీ, చల్లారాక అవి పంటికి లొంగనంత గట్టిపడ్డాయి. కేకుకీ బిస్కెట్టుకీ మధ్యలో ఉండే ఆ మెత్తటి కుకీ ఇంట్లో ఎలా వస్తుందని, గుడ్డు లేకుండా వస్తుందా అని, మైదా బదులు గోధుమపిండి వాడవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మీకు జరిగినవి వేరు వేరు కారణాలున్న రెండు వేరు వేరు తప్పులు. గట్టిపడటానికి కారణం ఎక్కువసేపు కాల్చడం. పరుచుకుపోవడానికి కారణం వెన్న ముందే కరిగిపోవడం. మైదా ఈ రెండింటికీ మందు కాదు. ముద్దను 45 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, ఎత్తుగా ఉండలు పెట్టి, 175 డిగ్రీల దగ్గర 10 లేదా 11 నిమిషాలు మాత్రమే కాల్చి, మధ్యభాగం ఇంకా పచ్చిగా కనిపిస్తున్నప్పుడే ట్రేను బయటికి తీస్తే, మీ దగ్గర ఉన్న కొలతలతోనే సగం సమస్య తీరుతుంది. మిగతా సగానికి కొలతలు మార్చాలి. వాటిని కింద ఇస్తున్నాను. నేను విజయవాడలో పద్నాలుగేళ్లుగా ఇంటి నుంచే బేకింగ్ ఆర్డర్లు చేస్తున్నాను, ఆదివారాలు కొద్దిమందికి నేర్పుతున్నాను. కాబట్టి ఇక్కడ రాసేదంతా మన ఎండల్లో, మన ఓటీజీల్లో చేసి చూసినదే.

ముందుగా గట్టిపడటం సంగతి. మన ఇళ్లలో అరిసెలు చేసినవారికి ఇది చెప్పనక్కర్లేకుండానే అర్థమవుతుంది. పాకం లేతగా ఉన్నప్పుడు పిండి కలిపితే అరిసె మెత్తగా ఉంటుంది, పాకం ముదిరితే గట్టిపడుతుంది, ఇంకా ముదిరితే వేరుశనగ చిక్కీలా ఫెళఫెళ విరుగుతుంది. చక్కెర అదే, బెల్లం అదే. మారినదల్లా పాకంలో మిగిలిన నీరు. కుకీలో జరిగేదీ ఇదే. ముద్దలోని చక్కెర ఓవెన్ వేడికి గుడ్డు, వెన్నల్లోని తేమలో కరిగి పాకమవుతుంది. ట్రే లోపల ఉన్నంతసేపూ నీరు ఆవిరవుతూ ఆ పాకం ముదురుతూ ఉంటుంది. వేడి మీద ఏ కుకీ అయినా మెత్తగానే ఉంటుంది గనుక, మీరు 12వ నిమిషంలో వేలితో నొక్కి చూసి, ఇంకా మెత్తగా ఉందని మరో ఆరు నిమిషాలు ఉంచారు. ఆ ఆరు నిమిషాల్లో లేతపాకం కాస్తా ముదురుపాకమైంది. చల్లారాక దాన్ని మళ్లీ మొదటిలా మెత్తబరచడం కష్టం.

దీనికి మన అలవాటు కూడా కొంత కారణం. మన నాలుకకు తెలిసినది బిస్కెట్టు. హైదరాబాదులో చాయ్‌తో తినే ఉస్మానియా బిస్కెట్టు, బేకరీ అద్దాల బీరువాలో ఉండే నాన్‌ఖటాయి, అన్నీ నోట్లో పొడిపొడిగా రాలవలసినవే. జంతికలను కూడా గుల్లగా వచ్చాయనే మెచ్చుకుంటాం. కుకీ జాతి వేరు. ఆ మాట కేకు అనే అర్థమున్న డచ్చి మాట నుంచి పుట్టింది, దానికి చిన్న కేకు అనే అర్థం. అందువల్ల నాన్‌ఖటాయి ఉడికిందో లేదో చూసే కొలబద్దతో దీన్ని చూడకూడదు.

నేను మొదట్లో సరిగ్గా ఈ పొరపాటే చేశాను. ఒక పుట్టినరోజు పండగకు 60 కుకీలు ఆర్డరు వస్తే, మధ్యలో నొక్కినా గుంట పడనంతవరకు శ్రద్ధగా కాల్చి, అందంగా డబ్బాల్లో సర్ది పంపాను. మర్నాడు ఆ ఇల్లాలు ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, పిల్లలు వాటిని పాలల్లో ముంచుకుని తిన్నారని చెప్పారు. ఆ మాటలో ఉన్న విమర్శ అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది.

తీయవలసిన క్షణం ఎలా ఉంటుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే గడియారం కన్నా ఇదే నమ్మకమైన గుర్తు. ఎనిమిదో నిమిషం దాకా ఉండ పైభాగమంతా తడితడిగా మెరుస్తూ ఉంటుంది. తొమ్మిదో నిమిషం నుంచి అంచు చుట్టూ సుమారు ఒక వేలి వెడల్పు మేర ఆ మెరుపు పోయి, సున్నం వేసిన గోడలా మసకబారుతుంది, అడుగంచున లేత గోధుమరంగు తేలుతుంది. మధ్యలో రూపాయి బిళ్లంత మేర మాత్రం ఇంకా తడి మెరుపు ఉంటుంది, అక్కడ ఓట్స్ రేకులు విడివిడిగా కనిపిస్తాయి. అప్పుడే తీయాలి. మీ మనసు ఒప్పుకోదు, పచ్చిగా ఉందనిపిస్తుంది. అయినా తీయండి. ట్రేను స్టవ్ పక్కన పెట్టి ఐదారు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేస్తే, ట్రేలోని వేడికి మధ్యభాగం తానే ఉడుకుతుంది. ఆ తరువాత పలుచని అట్లకాడతో ఎత్తి జాలీ మీద చల్లార్చాలి. వేడిగా ఉన్నప్పుడే ఎత్తబోతే మధ్యకు విరిగిపోతుంది. అలాగని పావుగంట ట్రే మీదే వదిలేస్తే అడుగు గట్టిపడుతుంది.

ఇక పరుచుకుపోవడం. బయటి వంటకాల్లో వెన్న గది ఉష్ణోగ్రతలో ఉండాలి అని రాసి ఉంటుంది. ఆ మాట రాసినవారి గది 20 డిగ్రీల గది. మా చెల్లెలు అమెరికాలోని మినియాపొలిస్‌లో ఉంటుంది. నేను పంపిన కొలతలతోనే అది చేస్తే కుకీలు గుండ్రంగా ఎత్తుగా వచ్చేవి, ఇక్కడ నేను చేస్తే కారిపోయేవి. ఇద్దరం ఫోనులో పోట్లాడుకున్నంత పని చేశాక, ఒక మే నెల మధ్యాహ్నం నా వంటింట్లో థర్మామీటరు పెట్టి చూస్తే 39 డిగ్రీలు చూపించింది. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్యలోనే కరిగిపోతుంది. అంటే మన వేసవిలో వెన్నను గది ఉష్ణోగ్రతకు తేవడమంటే నూనెలా మార్చడమే. వెన్న, చక్కెర కలిపి గిలకొట్టినప్పుడు చక్కెర పలుకులు వెన్నలోకి దూసుకుపోయి సన్నని గాలి బుడగలను బంధిస్తాయి. కుకీ ఉబ్బడానికి మొదటి ఆధారం అదే. కరిగిన వెన్న ఆ గాలిని పట్టి ఉంచలేదు. పైగా ఓవెన్‌లోకి వెళ్లగానే, పిండి, గుడ్డు గట్టిపడి ఆకారం నిలబడేలోపే అది పక్కలకు పారిపోతుంది.

కాబట్టి వెన్నను ఫ్రిజ్ నుంచి తీసి చిన్న ముక్కలుగా కోసి, వేసవిలో ఎనిమిది, పది నిమిషాలు, డిసెంబరు, జనవరిల్లో అరగంట మాత్రమే బయట ఉంచండి. వేలితో నొక్కితే గుంట పడాలి, కానీ వేలికి నూనె జిడ్డు అంటకూడదు. గిలకొట్టే గిన్నెను చల్లటి నీళ్లు పోసిన బేసిన్‌లో పెట్టుకోవడం మంచి ఉపాయం. ఎండాకాలంలో నేను ఈ పని తెల్లవారుజామున ఐదింటికి చేసుకుని, ముద్దను ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. ఫ్రిజ్‌లో ఉంచడం వల్ల వెన్న గట్టిపడటమే కాదు, ఓట్స్ రేకులు ముద్దలోని తేమను తాగి నానుతాయి. నానని ఓట్స్ నోటికి పొట్టులా తగులుతాయి, కాలేటప్పుడు పక్కనున్న తేమనంతా లాక్కుంటాయి కూడా. వెంటనే కాల్చిన వాయికీ, గంట ఆగి కాల్చిన వాయికీ తేడాను నా దగ్గర నేర్చుకునేవారు కళ్లు మూసుకుని తిని కూడా చెప్పేస్తుంటారు.

వెన్న గురించి మరో రెండు మాటలు. దుకాణాల్లో దొరికే వెన్నలో కనీసం 80 శాతం కొవ్వు, దాదాపు 16 శాతం దాకా నీరు ఉంటాయి. ఉప్పు వెన్న వాడితే వేరే ఉప్పు వేయవద్దు. ఇంట్లో మీగడ చిలికి తీసిన వెన్న రుచికి గొప్పదే గానీ, అందులో మిగిలిన మజ్జిగ ఎంతో మనకు తెలియదు గనుక ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. వాడాలనుకుంటే బాగా కడిగి, చల్లబరచి, అరచేత్తో నీరు పిండి వాడండి. నెయ్యిలో నీరు ఉండదు. నెయ్యితో చేస్తే మంచి నాన్‌ఖటాయి వస్తుంది, ఈ కుకీ రాదు. తప్పనిసరైతే 115 గ్రాముల వెన్నకు బదులు 90 గ్రాముల పేరుకున్న నెయ్యి, రెండు చెంచాల పాలు వేసుకోవచ్చు, అయినా కాస్త ఇసుక పలుకు తగులుతుంది. నూనెతో చేసినవి పరుచుకుంటాయి, అంతకన్నా చెప్పడానికేమీ లేదు.

చక్కెర విషయంలో మన మార్కెట్ మనల్ని తికమక పెడుతుంది. అమెరికన్ వంటకాల్లో బ్రౌన్ షుగర్ అంటే మొలాసిస్, అంటే చెరకు రసం నుంచి చక్కెర తీశాక మిగిలే నల్లటి పాకం, కలిసిన తడి చక్కెర. గుప్పిట్లో నొక్కితే ముద్ద కట్టాలి. మన దుకాణాల్లో అదే పేరుతో చాలావరకు దొరికేది గోధుమరంగులో ఉండే పొడి పలుకుల చక్కెర. దానికి తేమను పట్టి ఉంచే గుణం తక్కువ, పైగా పలుకులు పెద్దవి. మీరు వాడినది ఆ రకమేనని మీ వర్ణనను బట్టి అనుకుంటున్నాను. తడి బ్రౌన్ షుగర్ దొరకకపోతే దిగుమతి సరుకు కోసం వెతకనక్కర్లేదు, బెల్లం పొడి హాయిగా సరిపోతుంది. బెల్లంలో మామూలు చక్కెరతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా కొంత ఉంటాయి. అవి గాలిలోని తేమను కూడా పట్టుకుంటాయి, పాకాన్ని తిరిగి పలుకు కట్టనివ్వవు. వానాకాలంలో డబ్బాలోని బెల్లం చెమ్మగిల్లడం చూస్తూనే ఉంటాం కదా, ఆ గుణమే ఇక్కడ మనకు మేలు చేస్తుంది. నేను అనకాపల్లి బెల్లం, అందులోనూ ముదురు రంగు ఉన్నదాన్ని, తురిమి జల్లించి వాడతాను. మరీ లేత పసుపు రంగులో మెరిసే బెల్లానికి రంగు తేల్చే మందు కలిపి ఉండే అవకాశం ఉంది, దానికి ఆ కమ్మదనమూ ఉండదు. బెల్లాన్ని నీళ్లలో కరిగించి వడకట్టి మాత్రం వాడవద్దు, ఆ నీరు ముద్దను పాడు చేస్తుంది.

మొత్తం తీపి బెల్లంతోనే వేస్తే ఉబ్బు తగ్గుతుంది, కొంత తెల్ల చక్కెర ఉండాలి. మన చక్కెర పలుకులు లావుగా ఉంటాయి గనుక మిక్సీలో రెండు మూడు తిప్పులు తిప్పి, సన్న రవ్వలా ఉండగానే ఆపండి. పూర్తిగా పొడి చేస్తే గాలి బుడగలు కట్టే పలుకే మిగలదు.

ఓట్స్‌లో మూడు రకాలు దొరుకుతాయి. గింజను కత్తిరించిన స్టీల్ కట్ ఓట్స్ కుకీకి పనికిరావు, రాళ్లలా మిగిలిపోతాయి. మసాలా ఓట్స్ సంగతి చెప్పనక్కర్లేదనుకున్నాను గానీ, ఒకరు నిజంగానే తెచ్చారు కాబట్టి చెబుతున్నాను. మందంగా ఉండే రోల్డ్ ఓట్స్ నమలడానికి సాగుతూ బాగుంటాయి. మూడు నిమిషాల్లో ఉడికే పలుచని క్విక్ ఓట్స్ తేమను త్వరగా తాగి ముద్దలో కలిసిపోయి కేకులాంటి మెత్తదనం ఇస్తాయి. మీరు అడిగినది ఉబ్బిన మెత్తటి కుకీ గనుక, రెండింటినీ సగం సగం కలపమంటాను. ఒకటే ఉంటే రోల్డ్ ఓట్స్‌లో మూడో వంతు మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి కలపండి, అంతే.

అసలు నిష్పత్తే ముఖ్యం. అమెరికాలో ఓట్స్ డబ్బా మీద ఏళ్ల తరబడి అచ్చవుతూ వస్తున్న ప్రసిద్ధ వంటకంలో ఒకటిన్నర కప్పుల మైదాకు మూడు కప్పుల ఓట్స్ ఉంటాయి. దానితో వచ్చేది పలుచగా, సాగుతూ, అంచున కరకరలాడే కుకీ. అది తప్పు కాదు, కానీ మీరు కోరినది అది కాదు. ఓట్స్‌లో గోధుమలో ఉండే గ్లూటెన్ అనే సాగే ప్రొటీన్ లేదు, అవి గాలిని నిలబెట్టలేవు. ఉబ్బు కావాలంటే మైదా, ఓట్స్ కప్పు కొలతలో దాదాపు సరిసమానంగా ఉండాలి.

నేను వాడే కొలతలు, సుమారు 16 కుకీలకు, ఇవి. వెన్న 115 గ్రాములు, బెల్లం పొడి లేదా తడి బ్రౌన్ షుగర్ 110 గ్రాములు, చక్కెర 40 గ్రాములు, ఒక పూర్తి గుడ్డు, మరో గుడ్డులో పచ్చసొన మాత్రం, వెనిల్లా ఎసెన్స్ ఒక చిన్న చెంచా, మైదా 150 గ్రాములు, ఓట్స్ 120 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ ఒక పెద్ద చెంచా, బేకింగ్ సోడా అర చిన్న చెంచా, బేకింగ్ పౌడర్ అర చిన్న చెంచా, దాల్చినచెక్క పొడి అర చిన్న చెంచా, ఎండుద్రాక్ష 80 గ్రాములు. దాల్చినచెక్క ఘాటైనది గనుక అంతకు మించవద్దు. నచ్చనివారు రెండు యాలకులు దంచి వేసుకోవచ్చు. కార్న్‌ఫ్లోర్ అంటే సూపు చిక్కబడటానికి వాడే తెల్లటి మెత్తని పిండి, రొట్టెలు చేసుకునే పసుపుపచ్చ మొక్కజొన్న పిండి కాదు.

ఇవన్నీ తూకం వేయండి. కప్పును మైదా డబ్బాలో ముంచి అదిమి తీస్తే 120 గ్రాములు ఉండవలసిన కప్పు 150 దాకా పోతుంది. మీ రెండో వాయి రాయి కావడంలో దీని వాటా కూడా ఉంది. ఐదారు వందల రూపాయలకు దొరికే వంటింటి తూకం, ఎసెన్సులూ అచ్చులూ కొనేముందు కొనవలసిన వస్తువు.

గుడ్డులో తెల్లసొన కాలేకొద్దీ ఎండుతుంది, పచ్చసొనలోని కొవ్వు మెత్తదనాన్నిస్తుంది, అందుకే ఆ అదనపు పచ్చసొన. సోడా, పౌడర్ రెండూ ఎందుకని చాలామంది అడుగుతారు. సోడా బెల్లంలోని స్వల్పమైన పులుపుతో కలిసి పనిచేస్తుంది, రంగును ముదురు చేస్తుంది, కానీ కుకీని పక్కలకు కూడా పరుస్తుంది. పౌడర్ పైకి లేపుతుంది. ఒక్క సోడాతో చేస్తే కుకీ వెడల్పవుతుంది, సోడా ఎక్కువైతే నాలుక మీద సబ్బు రుచి తగులుతుంది. రెండూ ఆరు నెలల క్రితం తెరిచిన పొట్లాలైతే పారేయండి.

చేసే వరుస తేలికే. వెన్న, బెల్లం, చక్కెరలను హ్యాండ్ బీటర్‌తో రెండు మూడు నిమిషాలు, రంగు ఒక ఛాయ తేలే వరకు గిలకొట్టాలి. గుడ్డు, పచ్చసొన, ఎసెన్స్ వేసి కలిసే వరకు, అంటే అర నిమిషం మాత్రమే కొట్టాలి. అక్కడ అత్యుత్సాహం చూపితే కుకీ ఓవెన్‌లో బుస్సున పొంగి, బయటికి రాగానే కుంగిపోతుంది. జల్లించిన మైదా, కార్న్‌ఫ్లోర్, సోడా, పౌడర్, దాల్చినచెక్క పొడి వేసి, ఇక బీటర్ పక్కన పెట్టి గరిటెతో కలపాలి. తెల్ల పిండి చారలు ఇంకా కనిపిస్తుండగానే ఓట్స్, ఎండుద్రాక్ష వేసి నాలుగు తిప్పులు తిప్పి ఆపాలి. చపాతీ పిండిలా పిసికితే గ్లూటెన్ గట్టిపడి మీ శ్రమంతా వృథా అవుతుంది. ముద్ద కాస్త జిగటగానే ఉండాలి, జిగటగా ఉందని మైదా చల్లకండి, ఫ్రిజ్ ఆ పని చేస్తుంది.

ఎండుద్రాక్షను ముందుగా వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, వడకట్టి, బట్ట మీద ఒత్తి తడి లేకుండా చేసుకోండి. ఎండినవాటిని అలాగే వేస్తే డబ్బాలో ఉన్న రెండు రోజుల్లో అవి కుకీలోని తేమను పీల్చి తాము ఉబ్బుతాయి, కుకీని ఎండబెడతాయి.

చల్లారిన ముద్దను 45 గ్రాముల ఉండలుగా, ఐస్‌క్రీం చెంచాతో తీసి, లడ్డూలా నున్నగా చుట్టకుండా, కాస్త గరుకుగా, వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువ ఉండేలా పెట్టండి. అరచేతుల మధ్య పదేపదే తిప్పితే చేతి వేడికే వెన్న కరుగుతుంది. పైన అరచేత్తో నొక్కడం మీకు అలవాటై ఉంటే మానేయండి. ట్రేకు వెన్న రాయవద్దు. రాస్తే ఉండ జారుకుంటూ పోతుంది. బేకింగ్ పేపర్ చాలు. ఉండకీ ఉండకీ మధ్య రెండంగుళాలు వదిలితే 28 లీటర్ల ఓటీజీ ట్రేలో ఎనిమిది దాకా పడతాయి. రెండో వాయిని వేడి ట్రే మీద పెట్టకూడదు. కుళాయి కింద చల్లార్చి, తుడిచి పెట్టండి.

ఓటీజీ గురించి ఒక నిజం చెప్పాలి. దాని మీటను నమ్మవద్దు. నా మొదటి ఓటీజీలో మీట 180 దగ్గర ఉంటే లోపల 200 దాటేది, రెండోదానిలో 165 దగ్గరే ఆగేది. లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటరు కొని, పై రాడ్డు, కింది రాడ్డు రెండూ వెలిగించి, పావుగంట ముందుగా వేడి చేసి, అది 175 చూపించాకే ట్రేను మధ్య అరలో పెట్టండి. వేడి తక్కువైనా కుకీ పరుచుకుంటుంది, ఎందుకంటే అంచు గట్టిపడేలోపే వెన్న కారిపోతుంది. వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ పడిపోయినప్పుడు నా వాయిలు పాడయ్యేది ఇందుకేనని చాలా కాలానికి తెలిసింది. కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే ఫ్యాను గాలి త్వరగా ఎండబెడుతుంది గనుక 160 పెట్టి తొమ్మిదో నిమిషం నుంచే చూడాలి. కుక్కర్‌లో ఉప్పు పోసి చేసే పద్ధతి కేకుకు సరిపోతుందేమో గానీ, ఇక్కడ అడుగు మాడి పైభాగం పాలిపోతుంది.

గుడ్డు లేకుండా చేయవచ్చు. శ్రావణమాసంలోనూ కార్తీకంలోనూ నా ఆర్డర్లలో చాలావరకు అవే. గుడ్డు, పచ్చసొనలకు బదులు పావుగంట బట్టలో వేలాడదీసిన గట్టి పెరుగు 60 గ్రాములు వేసి, బేకింగ్ పౌడర్ ముప్పావు చిన్న చెంచాకు పెంచండి. పుల్లటి పెరుగు వద్దు. ఇవి గుడ్డువాటికన్నా కాస్త ఎక్కువగా కేకులా ఉంటాయి, రంగు తేలికగా ఉంటుంది, మెత్తదనానికి లోటుండదు. ముద్దను గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచడం వీటికి మరీ అవసరం. అవిసె గింజల పొడి నానబెట్టి వేసే పద్ధతి కూడా చేసి చూశాను. నాకు ఆ వాసన నచ్చలేదు.

గోధుమపిండి విషయానికొస్తే, మైదాలో సగం వరకు మార్చుకోవచ్చు, అంతకు మించితే బరువుగా వస్తాయి. చక్కీలో ఆడించిన పిండిలోని పొట్టు నీటిని బాగా తాగుతుంది గనుక రెండు చెంచాల పాలు చేర్చి, గంటకు పైగా నాననివ్వండి. ఇక్కడే ఒక మాట. ఓట్స్ ఉన్నాయి, గోధుమపిండి ఉంది, బెల్లం ఉంది కాబట్టి ఇవి మధుమేహం ఉన్న పెద్దవారికి పెట్టవచ్చా అని మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు అడుగుతారు. పై కొలతల ప్రకారం ఒక్కో కుకీలో తొమ్మిది గ్రాములకు పైగా తీపి, ఏడు గ్రాముల వెన్న ఉంటాయి. బెల్లమైనా అది చక్కెరే. ఇది చిరుతిండి, పథ్యం కాదు.

నిల్వ గురించి. పూర్తిగా చల్లారాకే గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. గోరువెచ్చగా మూత పెడితే ఆవిరి పట్టి పైభాగం జిగటగా అవుతుంది. డబ్బాలో ఒక బ్రెడ్ ముక్క వేస్తే, ఆ ముక్క ఎండిపోతూ తన తేమను కుకీలకు ఇస్తుంది. నాలుగు రోజులు మెత్తగా ఉంటాయి. గలగలలాడే బిస్కెట్లతో కలిపి ఒకే డబ్బాలో పెడితే రెండూ చెడతాయి. అన్నీ ఒకేసారి కాల్చనక్కర్లేదు కూడా. ఉండలను ట్రే మీద విడివిడిగా ఫ్రీజర్‌లో గట్టిపరచి, సంచిలో వేసి ఉంచితే రెండు నెలలు నిల్వ ఉంటాయి. అతిథులు వచ్చినప్పుడు గడ్డకట్టినవాటినే నేరుగా పెట్టి రెండు నిమిషాలు ఎక్కువ కాల్చండి. నిజానికి, మన ఎండల్లో అన్నిటికన్నా ఎత్తుగా వచ్చేవి అలా ఫ్రీజర్ నుంచి పెట్టినవే.

ఈసారి చేసేటప్పుడు మొత్తం వాయి పెట్టేముందు మూడు ఉండలు మాత్రం పెట్టి, ఒకదాన్ని తొమ్మిదో నిమిషంలో, ఒకదాన్ని పదకొండులో, ఒకదాన్ని పదమూడులో తీయండి. తలుపు తీసిన ప్రతిసారీ వేడి కాస్త తగ్గుతుంది గానీ, ఈ పరీక్షకు పరవాలేదు. వేడిగా రుచి చూసి తేల్చేయకుండా, మూడింటినీ మర్నాడు ఉదయం దాకా డబ్బాలో ఉంచి, అప్పుడు విరిచి చూడండి. ఏది నచ్చితే ఆ నిమిషాన్నీ, ఆ రోజు థర్మామీటరు చూపించిన అంకెనూ ఒక కాగితం మీద రాసి ఓటీజీ పక్కన అంటించుకోండి. నా ఓటీజీ పక్కన ఉన్న కాగితం మీద 172, పదిన్నర అని రాసి ఉంది.